అగ్రిమెంట్ ఎట్లా ముగుస్తుంది, అవతలివాళ్లు మాట తప్పితే మనకేం దక్కుతుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

సైటు అడ్వాన్సులు, ఇంటి కాంట్రాక్టులు, కళ్యాణ మండపం బుకింగులు, మామిడికాయల బేరాలు, వీటి మీద తిరుపతి, చిత్తూరు వైపు జనం మాటిమాటికీ అడిగే ప్రశ్నలు ఇక్కడ ఒకచోట పెడుతున్నా. దీనికి పనికొచ్చే చట్టాలు ముఖ్యంగా రెండు, 1872 నాటి కాంట్రాక్ట్ యాక్టు, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ యాక్టు. ఒక విషయం ముందే చెప్పేస్తా. మాట తప్పినోడిని శిక్షించడం ఈ చట్టాల పని కాదు, మీకు జరిగిన నష్టం పూడ్చడం వాటి పని, ఆ పూడ్చే ముందు "నువ్వు నీ వంతు ఏం చేశావ్" అని మిమ్మల్ని కూడా గట్టిగా అడుగుతారు. కింద రాసిన జవాబుల్లో సగానికి పైగా ఈ ఒక్కదాని చుట్టూనే తిరుగుతాయి.

అసలు అగ్రిమెంట్ ముగిసిపోయింది అని ఎప్పుడు అనుకోవాలి?

ఇద్దరూ ఒప్పుకున్న పని ఇద్దరూ చేసేస్తే ముగిసినట్టే, ఎక్కువ అగ్రిమెంట్లు అట్లానే ముగుస్తాయి, వాటి గురించి ఎవరూ లాయర్ దగ్గరకు రారు. ఇద్దరూ కూర్చుని "ఇది వద్దు" అని రద్దు చేసుకున్నా, పాతదాని బదులు కొత్తది రాసుకున్నా పాతది పోతుంది, ఇది కాంట్రాక్ట్ యాక్టు 62వ సెక్షన్ (కింద ఏ చట్టమో చెప్పకుండా రాసిన సెక్షన్లన్నీ ఈ యాక్టువే). రావాల్సినదాంట్లో కొంత వదులుకున్నా, గడువు పెంచినా చెల్లుతుంది, అది 63. ఇక్కడ జాగ్రత్త, 5 లక్షలు రావాల్సినోళ్లు 3 లక్షలు తీసుకుని "నాకు ఇక రావాల్సింది ఏమీ లేదు" అని సంతకం పెట్టేస్తే మిగతా 2 లక్షలు మన చట్టంలో నిజంగానే పోతాయి, దానికి ప్రతిఫలం ఏమీ ముట్టలేదు కదా అనే వాదన నిలబడదు. పార్ట్ పేమెంట్ అయితే రసీదులో "మిగతా సొమ్ము బాకీ ఉంది" అని రాయించుకోండి. ఇంకా, పని చేయడమే అసాధ్యం అయిపోతే 56 కింద ముగుస్తుంది, ఒకరు అడ్డం తిరిగితే 39 కింద ముగించే హక్కు రెండోవాళ్లకు వస్తుంది. ఈ చివరి రెండిటి దగ్గరే గొడవలన్నీ.

అవతలాయన ఫోన్ చేసి "అగ్రిమెంట్ క్యాన్సిల్, నీ దిక్కున్నచోట చెప్పుకో" అన్నాడు. అయిపోయినట్టేనా?

కాదు. ఒకరు క్యాన్సిల్ అంటే క్యాన్సిల్ కాదు, అది కేవలం మాట తప్పడం. అప్పుడు ఎంచుకునే హక్కు మీది: సరే అని ఒప్పుకుని గడువు తేదీ రాకముందే నష్టపరిహారం అడగొచ్చు, లేదా "నేను ఒప్పుకోను, అగ్రిమెంట్ బతికే ఉంది, నువ్వు చేయాల్సిందే" అనొచ్చు. రెండో దారి పడితే మీ వంతు పనికి మీరు చివరిదాకా రెడీగా ఉండాలి, ఈలోపు వాళ్లకు అనుకూలంగా ఏదైనా జరిగితే అది కూడా వాళ్లు వాడుకోవచ్చు. ఏ దారైనా మౌనంగా ఉండొద్దు, వారం పది రోజుల్లో లాయర్ నోటీసు పంపండి, స్పీడ్ పోస్టులో, వాళ్లకు అందినట్టు రుజువుతో (రిజిస్టర్ పోస్టును 2025 సెప్టెంబర్‌లో దాంట్లో కలిపేశారు), ఆ రుజువు భద్రంగా పెట్టుకోండి.

అవతలివాళ్లు నోటీసు ద్వారానే రద్దు చేసుంటే ఇంకో పాయింట్ ఉంది. సైటు రిజిస్టర్ చేయించమని వేసే దావాలో ఆ రద్దు చెల్లదని ప్రకటించమని కూడా అడగాలి, అడగకపోతే దావా నిలబడదని సుప్రీంకోర్టు 2013లో ఒక కేసులో చెప్పింది. మీకొచ్చిన ప్రతి నోటీసు లాయర్‌కి చూపించమనేది ఇందుకే.

రాతకోతలు ఏమీ లేవు, నోటి మాటే. చెల్లుతుందా?

మామూలు బేరాలకు చెల్లుతుంది, కష్టమంతా రుజువు దగ్గరే. ఫోన్‌పే ఎంట్రీ, వాట్సాప్ మెసేజులు, బేరం జరిగినప్పుడు పక్కనున్న మనిషి, ఇవన్నీ పనికొస్తాయి. వాట్సాప్ ప్రింటు తీసి ఇస్తే చాలదు, దానికి సర్టిఫికెట్ జత చేయాలి, 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో అది 63వ సెక్షన్. ఫోన్ మార్చేటప్పుడు చాట్లు పోగొట్టుకోవద్దు.

భూమి అమ్మకం అగ్రిమెంట్ సంగతి వేరు. మన రాష్ట్రంలో 1999 నుంచి క్రయ అగ్రిమెంట్ కూడా రిజిస్టర్ చేయించాలి. వంద రూపాయల స్టాంపు పేపర్ మీద డాక్యుమెంట్ రైటర్ దగ్గర రాయించుకుని ఊరుకునేవాళ్లే ఎక్కువ. అట్లాంటిది కూడా రిజిస్ట్రేషన్ చేయించమని వేసే దావాలో సాక్ష్యంగా తీసుకుంటారు, రిజిస్ట్రేషన్ యాక్టు 49వ సెక్షన్‌లోనే ఆ మినహాయింపు ఉంది. స్టాంపు డ్యూటీ తక్కువ పడుంటే మాత్రం పెనాల్టీతో కట్టాలి, ఒరిజినల్ పోయి జిరాక్స్ మిగిలితే ఆ కట్టుకునే అవకాశం కూడా ఉండదు.

సైటుకు అడ్వాన్సు ఇచ్చాం, రేటు పెరిగిందని ఓనరు రిజిస్టర్ చేయనంటున్నాడు. ఏం చేయాలి?

అందరికన్నా ఎక్కువ మంది అడిగేది ఇదే. తిరుపతి చుట్టుపక్కల అంకణం (ఇక్కడ సైటు కొలిచే లెక్క) రేటు కొన్ని నెలల్లోనే మారిపోయే చోట ఓనర్లకు ఈ ఆశ పుట్టడం వింతేమీ కాదు.

మీ అగ్రిమెంట్ తీసి చూడండి, దాదాపు అన్నిట్లో ఇట్లాంటి లైను ఒకటి ఉంటుంది: "నేటి నుండి మూడు నెలలలోపు మిగత క్రయసొమ్ము యావత్తు చెల్లించి తమ స్వంత ఖర్చులతో రిజిస్టరు చేయించుకొనవలయును." మీ కేసు గెలుపోటములు ఈ లైను మీదే. ఆ మూడు నెలల్లో మీ దగ్గర డబ్బు ఉందా, కట్టడానికి మీరు సిద్ధంగా ఉన్నారా అని కోర్టు చూస్తుంది, స్పెసిఫిక్ రిలీఫ్ యాక్టు 16(సి) ఇదే. మొత్తం సొమ్ము కోర్టులో డిపాజిట్ చేశాకే దావా వేయాలని లేదు, కోర్టు ఆదేశిస్తే తప్ప. కానీ బ్యాంక్ స్టేట్‌మెంట్, లోన్ శాంక్షన్ లెటర్, నగలు పెట్టి తెచ్చిన రసీదు, ఏదో ఒకటి ఆ తేదీల్లోది చూపించాలి. "మా బావమరిది ఇస్తానన్నాడు" అంటే నడవదు, ఆయన వచ్చి సాక్ష్యం చెప్పి తన అకౌంట్ చూపిస్తే వేరే మాట. గడువు లోపలే "డబ్బు రెడీ, ఫలానా తేదీన రిజిస్ట్రార్ ఆఫీసుకు రండి" అని నోటీసు ఇచ్చి, ఆ రోజు నిజంగా వెళ్లి కూర్చున్నోళ్ల కేసు చాలా బలంగా ఉంటుంది.

2018లో ఈ స్పెసిఫిక్ రిలీఫ్ యాక్టు మారింది, అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు రిజిస్ట్రేషన్ చేయించమనడం జడ్జిగారి విచక్షణ, ఇప్పుడు చట్టంలో చెప్పిన మినహాయింపులు తప్ప ఇవ్వాల్సిందే అన్నట్టుగా 10వ సెక్షన్ మార్చారు. దావాలో రిజిస్ట్రేషన్ ఒక్కటే అడిగి ఊరుకోవద్దు, అది కుదరకపోతే అడ్వాన్సు వడ్డీతో తిరిగి ఇప్పించమని కూడా అడగండి, అడగకపోతే కోర్టు తనంతట తాను ఇవ్వదు, తర్వాత ప్లెయింటు (దావా పత్రం) సవరించుకునే వీలుందనుకోండి, కానీ అంతదాకా ఎందుకు.

ఈలోపు ఓనరు ఇంకొకరికి అమ్మేస్తే? ఆ కొన్నాయనకు మీ అగ్రిమెంట్ సంగతి తెలియకుండా, నిజాయితీగా, డబ్బు పెట్టి కొనుంటే ఆయన మీద మీ హక్కు నడవదు. అగ్రిమెంట్ రిజిస్టర్ చేయించమని నేను అందరికీ చెప్పేది ఇందుకే, అప్పుడు ఈసీలో (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపించే సర్టిఫికెట్‌లో) కనపడుతుంది, తెలియదనేదానికి వీల్లేదు. దావాతో పాటే అమ్మకుండా ఇంజంక్షన్ (కోర్టు ఆపుదల ఉత్తర్వు) కూడా అడగాలి.

"ఓనరు తప్పితే డబుల్ అడ్వాన్సు ఇవ్వాలి" అని రాసుకున్నాం. డబుల్ వస్తుందా?

రాసినంత మాత్రాన రాదు. 74వ సెక్షన్ ప్రకారం అగ్రిమెంట్‌లో రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి, దాని లోపల సబబైన పరిహారం ఎంతో కోర్టు తేలుస్తుంది. 10 లక్షలు ఇచ్చి 20 అని రాసుకుంటే మీ 10 వెనక్కి వస్తుంది, పైన 10 మొత్తం వస్తుందా 2 వస్తుందా అనేది మీకు నిజంగా ఏం నష్టమైందో దాన్నిబట్టి.

దీనికి రెండోవైపు కూడా చూడండి, ఇది చాలామంది ఓనర్లకు తెలియదు. "డబుల్ ఇచ్చేస్తాను, నాకు సైటు వదిలేయండి" అంటే కొనేవాళ్లు ఒప్పుకోవాల్సిన పని లేదు. పరిహారం మొత్తం రాసుంది కాబట్టి రిజిస్ట్రేషన్ అడగకూడదు అని లేదు, స్పెసిఫిక్ రిలీఫ్ యాక్టు 23వ సెక్షన్ అదే చెప్తుంది, ఆ డబ్బిచ్చి తప్పుకునే ఆప్షన్ కోసమే ఆ క్లాజు రాశారని తేలితే తప్ప.

మేమే మిగతా డబ్బు కట్టలేకపోయాం. అడ్వాన్సు మొత్తం పోయినట్టేనా?

మొత్తం పోయినట్టు అనుకుని చాలామంది అడగకుండానే వదిలేస్తారు, అది బాధగా ఉంటుంది నాకు. 1963లో సుప్రీంకోర్టు ఫతేచంద్ కేసులో దీన్ని తేల్చింది. అక్కడ కొనేవాళ్లు 25,000 ఇచ్చారు, అందులో 1,000 మాత్రమే బేరం ఖాయం చేసుకునే సొమ్ము, మిగతా 24,000 ధరలో భాగం. ఆ 1,000 ఓనరు ఉంచుకోవచ్చు, 24,000 జప్తు చేసుకునేదానికి లేదు అన్నారు. 2015లో కైలాశ్‌నాథ్ కేసు ఇంకొంచెం ముందుకెళ్లింది, ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ 78 లక్షలు జప్తు చేసి అదే ప్లాటు తర్వాత చాలా ఎక్కువ ధరకు అమ్ముకుంది, నష్టమే లేనప్పుడు ఉంచుకునేదానికి లేదని తిరిగి ఇప్పించారు. కాబట్టి మీ అగ్రిమెంట్‌లో ఏది ఖాయం సొమ్ము, ఏది ధరలో భాగం అని చూడండి, ఓనరు ఆ సైటు తర్వాత ఎంతకు అమ్మాడో కూడా కనుక్కోండి.

గడువు ఒక వారం దాటింది. అంతే సంగతులా?

స్థిరాస్తి విషయంలో సాధారణంగా కాదు, గడువే ప్రాణం అని ఇద్దరూ అనుకున్నట్టు అగ్రిమెంట్ నుంచి, పరిస్థితుల నుంచి కనపడాలి. కానీ ధరలు ఇంత వేగంగా పెరిగే రోజుల్లో గడువును తేలిగ్గా తీసుకోలేమని సుప్రీంకోర్టు 2011లోనే అంది. పెళ్లికి పూలు, విందు, వీడియో లాంటివాటికైతే చెప్పే పనే లేదు, ముహూర్తం దాటాక వచ్చినా రాకపోయినా ఒకటే.

మేస్త్రీ సగం ఇల్లు కట్టి డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. ఎంత అడగొచ్చు?

ఇక్కడ లెక్క తప్పు వేసుకుని తక్కువ అడిగేవాళ్లు చాలామంది. ఒక లెక్క చూడండి. మొత్తం ఇల్లు 18 లక్షలకు మాట్లాడుకున్నారు, 12 లక్షలు ఇచ్చేశారు, ఇంజనీర్ కొలిచి చూస్తే జరిగిన పని విలువ 9 లక్షలు. ఎక్కువమంది "12 లోంచి 9 పోతే 3 లక్షలు రావాలి" అంటారు. కాదు. మిగతా పని ఇంకొకరితో చేయిస్తే 11 లక్షలు అయిందనుకోండి, మీకు ఇల్లు 12 ప్లస్ 11, 23 లక్షలు పడింది, 18కి రావాల్సిన ఇల్లు. మీ నష్టం 5 లక్షలు. అగ్రిమెంట్ సరిగ్గా జరిగుంటే మీరు ఎక్కడుండేవాళ్లో అక్కడికి మిమ్మల్ని చేర్చడం 73వ సెక్షన్ లెక్క, దానికి తోడు అద్దె ఇంట్లో అదనంగా ఉండాల్సి వచ్చిన నెలల అద్దె కూడా అడగొచ్చు, ఆలస్యమైతే మీకు ఆ అద్దె పడుతుందని ఆయనకు ముందే తెలిసుంటే.

ఇంకొకరితో చేయించే ముందు ఒక పని తప్పకుండా చేయండి: కనీసం 30 రోజుల టైం ఇస్తూ రాతపూర్వకంగా నోటీసు. 2018 సవరణతో స్పెసిఫిక్ రిలీఫ్ యాక్టులో వచ్చిన 20వ సెక్షన్ ఇది, ఆ టైంలో ఆయన రాకపోతే వేరేవాళ్లతో చేయించి ఖర్చు ఆయన దగ్గర రాబట్టుకోవచ్చు. ఒకసారి అట్లా చేయించాక "నువ్వే వచ్చి కట్టు" అనే దావా వేయడం కుదరదు. కొత్త మేస్త్రీ చెయ్యి పెట్టకముందే స్లాబు, గోడలు, వదిలేసిన కమ్ముల ఫోటోలు తేదీతో తీయండి, సివిల్ ఇంజనీర్‌తో కొలతలు రాయించి సంతకం తీసుకోండి. పని మొదలైతే పాతదేదో కొత్తదేదో ఎవరూ తేల్చలేరు.

మామిడికాయలు కొంటానని ఫ్యాక్టరీ మాటిచ్చి, లోడు వచ్చాక వద్దంది. నష్టం ఎట్లా లెక్కేస్తారు?

చిత్తూరు తోతాపురి రైతులకు ఈ కష్టం కొత్త కాదు. కిలో 20 రూపాయల లెక్కన 10 టన్నులు మాట్లాడుకున్నారు, వాళ్లు వద్దన్న రోజు మార్కెట్ 14 ఉంది. తేడా కిలోకు 6, అంటే 60,000, దానికి అదనపు లారీ కిరాయి కలపొచ్చు. కానీ నష్టాన్ని తగ్గించుకునేదానికి మీరు ప్రయత్నం చేయాలి, 73వ సెక్షన్ వివరణలోనే ఉంది అది. కోపంతో లారీని మూడు రోజులు గేటు దగ్గరే నిలబెట్టి కాయ కుళ్లిపోతే ఆ కుళ్లిన నష్టం మొత్తం వాళ్ల మీద వేయలేరు. ఆ రోజే వేరే మండీకి తోలి, తూకం చీటీ, అమ్మకం పట్టీ దాచిపెట్టుకోండి, అవే మీ రుజువు.

"ఆ డబ్బుతో అమ్మాయి పెళ్లి చేద్దామనుకున్నా, పెళ్లి ఆగిపోయింది" లాంటి నష్టాలు మామూలుగా రావు. మామూలుగా జరిగే నష్టం, లేదా బేరం రోజునే ఇద్దరికీ తెలిసిన నష్టం, ఈ రెండే. 1854లో ఇంగ్లండ్‌లో పిండిమిల్లు ఇరుసు విరిగిన హాడ్లీ కేసులో వచ్చిన సూత్రం మన చట్టంలో కూడా ఉంది.

ఫ్యాక్టరీలకు డబ్బాలు, అట్టపెట్టెలు సప్లై చేసే చిన్న యూనిట్లకు ఇంకో దారి ఉంది. ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకు ప్రభుత్వమిచ్చే నమోదు) ఉంటే 2006 ఎంఎస్‌ఎంఈ (చిన్న పరిశ్రమల) చట్టం కింద బిల్లు గరిష్ఠంగా 45 రోజుల్లో కట్టాలి, దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతలు చక్రవడ్డీ.

కళ్యాణ మండపం బుక్ చేశాం, మా తప్పు లేకుండా పెళ్లి జరగలేదు. అడ్వాన్సు వెనక్కి వస్తుందా?

ఎందుకు జరగలేదో దాన్నిబట్టి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు తిరుపతిలో మండపాలు, లాడ్జీలు అన్నీ మూసేయాల్సి వచ్చింది, తిరుమలలోనే మార్చి 20 నుంచి దర్శనాలు ఆపేశారు. ప్రభుత్వమే వద్దన్న రోజున మండపం ఇవ్వడం అసాధ్యం, 56 కింద అగ్రిమెంట్ ముగిసింది, 65 కింద తీసుకున్న అడ్వాన్సు తిరిగి ఇవ్వాలి. "నో రీఫండ్" అని రసీదు మీద అచ్చు వేసుకున్నారు కదా అని మాట్లాడకుండా వచ్చేయొద్దు.

అదే రెండు కుటుంబాల మధ్య మాట తేడా వచ్చి పెళ్లి ఆగితే అది 56 కాదు, మీరే తప్పినట్టు. అప్పుడు కూడా ఆ ముహూర్తానికి మండపం ఇంకొకరికి ఇచ్చేసి ఉంటే వాళ్ల నష్టం తక్కువే, ఆ తేడా మీద మాట్లాడండి.

సరుకు ధర పెరిగిపోయింది, పాత రేటుకు చేస్తే మునిగిపోతాం. తప్పుకోవచ్చా?

లేదు. రెండో ప్రపంచ యుద్ధం టైంలో సైన్యానికి నెయ్యి కొని సప్లై చేసే ఏజెంట్లు ఖర్చులు విపరీతంగా పెరిగాయని ఎక్కువ అడిగితే 1960లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, గిట్టుబాటు కాకపోవడం వేరు, అసాధ్యం కావడం వేరు. సిమెంట్, కమ్మి రేట్లు పెరుగుతాయని భయం ఉంటే రాసుకునేటప్పుడే ధర మారే క్లాజు పెట్టుకోండి.

ఒకరు చనిపోతే?

వారసులు కట్టుబడి ఉండాలి, వాళ్లకు ఆయన ఆస్తి ఎంత వచ్చిందో అంతవరకు. ఆ మనిషి చేతి పనే కావాలని ఒప్పుకున్నవి మాత్రం ఆయనతోనే ముగుస్తాయి, శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుడికి ఇచ్చిన ఆర్డరు, పెళ్లికి మాట్లాడుకున్న నాదస్వర విద్వాంసుడి కచేరీ అట్లాంటివి. అడ్వాన్సు మాత్రం తిరిగి అడగొచ్చు.

కంపెనీ బాండు రాయించుకుంది, మధ్యలో మానేస్తే?

మిమ్మల్ని బలవంతంగా పనిలో ఉంచే డిక్రీ ఏ కోర్టూ ఇవ్వదు. డబ్బు మాత్రం కట్టాల్సి రావచ్చు, మూడేళ్ల లోపు మానేస్తే 2 లక్షలు అనే ఒక బ్యాంకు క్లాజును 2025లో సుప్రీంకోర్టు సమర్థించింది. కంపెనీ మీ మీద పెట్టిన ఖర్చుకు సంబంధం లేకుండా భయపెట్టేదానికి రాసిన పెద్ద మొత్తాలకు మళ్లీ 74వ సెక్షనే అడ్డం.

మోసం చేశాడని పోలీస్ కేసు పెట్టొచ్చా?

మాట తప్పడం సివిల్ తగాదా. మొదటి రోజు నుంచే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని చూపించగలిగితేనే చీటింగ్. అంతకుముందే అమ్మేసిన సైటును మళ్లీ మీకు చూపించి అడ్వాన్సు తీసుకుంటే అది ఆ కోవలోకి వస్తుంది, రేటు పెరిగిందని తర్వాత మనసు మారితే రాదు. స్టేషన్ చుట్టూ తిరుగుతూ సివిల్ గడువు పోగొట్టుకున్నవాళ్లను చూస్తే నిజంగా కడుపు తరుక్కుపోతుంది. చెక్కు ఇచ్చి అది బౌన్స్ అయితే వేరే దారి: బ్యాంక్ మెమో అందిన 30 రోజుల్లో నోటీసు, వాళ్లకు నోటీసు అందాక 15 రోజులు గడువు, తర్వాత నెల లోపల కోర్టులో ఫిర్యాదు.

దావా ఎప్పటిలోగా వేయాలి?

మూడేళ్లు. సైటు విషయంలో అగ్రిమెంట్‌లో తేదీ ఉంటే ఆ తేదీ నుంచి, లేకపోతే ఓనరు చేయనన్న సంగతి మీకు తెలిసిన రోజు నుంచి. నష్టపరిహారానికి మాట తప్పిన రోజు నుంచి. "ఇస్తాలే, ఇస్తాలే" అనే నోటి మాటలకు గడువు పెరగదు, గడువు లోపల రాతపూర్వకంగా బాకీ ఒప్పుకుని సంతకం పెడితేనే కొత్తగా మూడేళ్లు మొదలవుతాయి. ప్రోనోటు మీద చెల్లు రాయించుకునేది ఇందుకే. పెద్దమనుషుల పంచాయితీలో నెలలు గడుస్తుంటే గడుస్తున్నాయి అని ఊరుకోవద్దు, పంచాయితీ జరుగుతున్నంతకాలం గడువు ఆగదు.

కన్స్యూమర్ కమిషన్‌కు పోవచ్చా?

బిల్డరు, క్యాటరింగ్, ఫోటోగ్రాఫర్, ట్రావెల్స్, మండపం, ఇట్లా సర్వీసు కొనుక్కున్నప్పుడు పోవచ్చు, ఖాళీ స్థలం అమ్మకం ఒక్కటే అయితే మామూలుగా కుదరదు. గడువు ఇక్కడ రెండేళ్లే. మీరు చెల్లించింది 50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషన్, 5 లక్షల వరకు ఫీజు లేదు, 2019 చట్టం వచ్చాక మీరు ఉండే ఊరి పరిధిలోనే వేసుకోవచ్చు. పెళ్లి వీడియో పోగొట్టినందుకు మనోవేదన పరిహారం లాంటివి సివిల్ కోర్టు కన్నా ఇక్కడే తేలిగ్గా అడగొచ్చు. 1915 నంబరుకు ముందు ఫోన్ చేస్తే కొన్ని అక్కడే పరిష్కారం అవుతాయి.

లాయర్ ఫీజు, కోర్టు ఫీజు పెట్టుకునే స్థోమత లేదు. ఇంకేదైనా దారి ఉందా?

ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు, 1987 చట్టంలో ఆ హక్కు ఉంది, మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టండి, 15100కి ఫోన్ చేసినా చెప్తారు. దావా వేయకముందే లోక్ అదాలత్‌కు కూడా పోవచ్చు, అక్కడ ఇద్దరూ ఒప్పుకుని రాసుకున్న అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు. పెండింగ్ కేసు అక్కడ రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి ఇస్తారు. అప్పీలు లేదు కాబట్టి సంతకం పెట్టే ముందు ఏ తేదీకి ఎంత, కట్టకపోతే వడ్డీ ఎంత, ఒరిజినల్ డాక్యుమెంట్లు ఎవరు ఎవరికి ఏ రోజు ఇవ్వాలి అనేవి అందులో రాయించండి, "త్వరలో చెల్లిస్తాను" అని రాసిన రాజీలు మళ్లీ ఎగ్జిక్యూషన్ పిటిషన్ (అవార్డు అమలు చేయించమని కోర్టులో వేసే అర్జీ) దాకా వెళ్తాయి.